మూడో పిలుపు

తుమ్మలపహాడ్ గేటు దగ్గర లింగస్వామికి ఒక పేరుంది. తోక చూడనిదే ముఖం తిప్పడని. ఊరివాళ్లు వేళాకోళంగా అనేవారు గానీ, అందులో అబద్ధం లేదు. గూడ్సు బండి ఎంత పొడుగున్నా సరే, చిట్టచివరి డబ్బా వెనకాల పసుపు రంగు రేకు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది కంటబడితే బండి మొత్తం క్షేమంగా దాటినట్టు. కనబడలేదంటే మధ్యలో ఎక్కడో కొక్కెం ఊడి, కొన్ని డబ్బాలు వెనకనే ఉండిపోయాయన్నమాట. వెనక వచ్చే బండికి ఆ సంగతి తెలియదు, వచ్చి గుద్దేస్తుంది. అందుకని గేట్‌మన్ అన్నవాడు ఆకుపచ్చ జెండా పట్టుకుని నిలబడి, ఆ రేకు కనబడేదాకా చూపు తిప్పకూడదు. శిక్షణలో ముందుగా నేర్పేది ఇదే. లింగస్వామి నేర్చుకున్నాడు, కళ్లు తెరిచినంతసేపూ మరిచిపోలేనంతగా నేర్చుకున్నాడు. ఆ నేర్చుకోవడమే అతని ఇంట్లో చిచ్చు పెట్టింది.

అసలు ఆ లైను ఎందుకు వచ్చిందో చెప్పాలి ముందు. హుజూర్‌నగర్ దాటి కృష్ణ ఒడ్డు దాకా పోతే నేలలో ఎక్కడ తవ్వినా సున్నపురాయే. పైన జానెడు మట్టి, కింద రాయి. తాతలు ఆ రాయిని తిట్టుకుంటూ నాగలి దున్నారు. మనవల కాలానికి వచ్చేసరికి ఆ రాయి కోసమే కంపెనీలు దిగాయి. గుట్టలు తవ్వి గనులు చేశారు. మధ్యాహ్నం సైరన్ కూయగానే జనం అన్నం కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు, పేలుడుకు ఇంటి కప్పు మీది దుమ్ము కూరలో రాలుతుందని. తయారైన సిమెంటు లారీల మీద ఎంతని పోతుంది? పెద్ద లైను నుంచి ఒక కొమ్మ లాగుదామని రైల్వేవాళ్లు సర్వేకు వచ్చారు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఊళ్లో సగం మంది రాస్తారోకోలో కూర్చుంటే, తక్కిన సగం సర్వేవాళ్లు పాతిన రాళ్లు ఎవరి మెట్ట చెల్కలో పడ్డాయో చూసుకుంటూ తిరిగారు.

గ్రామసభ పెట్టారు. వచ్చిన ఆఫీసరు మంచివాడే. పటం పరిచి, అందరికీ అర్థమయ్యేట్టు ఒక మాట అడిగాడు.

"ఈ గీత పోయే దారిలో గుడి గానీ, దర్గా గానీ, శ్మశానం గానీ, మీకు పట్టింపు ఉన్న జాగా ఏదన్నా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. గీత కొంచెం పక్కకు జరుపుతాం."

ఉంది. అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. ఊరికీ పొలాలకీ నడుమ దారి పక్కన చదునైన చోటు ఒకటుంది. అది దింపుడు కల్లం. చనిపోయిన మనిషిని తీసుకుపోయేటప్పుడు పాడెను అక్కడ కాసేపు దింపుతారు. దగ్గరివాళ్లు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడన్నా కొసన ఉంటే తిరిగొస్తుందేమోనని ఆశ. రాకపోతే ఆ మూడో పిలుపుతో సెలవు ఇచ్చేసినట్టు. ఊరు పుట్టినప్పటి నుంచి అందరికీ అక్కడే సెలవు.

తెలుసు గానీ చెప్పేదెవరు? సభ కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. సర్పంచ్ ఇంట్లో పెళ్లి పందిరి ఇంకా విప్పలేదు. శుభమా అని ఊరికి రైలు వస్తానంటుంటే, నలుగురిలో నిలబడి చావు మాట ఎవరు ఎత్తుతారు? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి లింగస్వామి తండ్రి భిక్షపతి ఒక్కడే లేవబోయాడు. పక్కన కూర్చున్న భార్య గోపమ్మ అతని భుజం మీది తువ్వాల పట్టి లాగింది.

"కూసో. మంచి మాటల్ల గా మాటెందుకు మనకు?"

భిక్షపతి కూర్చున్నాడు. ఆఫీసరు ఇంకోసారి అడిగి, ఏ పట్టింపూ లేదని రాసుకుని, పటం చుట్టుకుని పోయాడు. లైను సరిగ్గా ఆ చోటు మీద నుంచే పడింది. తెలిసి కూడా నోరు కట్టుకోవడం అంటే ఇదే, ఊరు ఊరంతా కలిసి చేసిన పని కాబట్టి ఎవరూ ఎవరినీ అనలేకపోయారు.

భిక్షపతి చెల్క కూడా ఆ లైనుకే పోయింది. నడుమ ముక్క రైల్వే తీసుకుంది, ఇటు కొంత, అటు కొంత మిగిలింది. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. అలా లింగస్వామి రైల్వేలో చేరాడు. కొన్నాళ్లు పట్టాల పని చేయించి, చివరికి సొంత ఊరి గేటు మీదే వేశారు. ఊళ్లో వాళ్లు పెట్టి పుట్టాడన్నారు. నాయిన దున్నిన మట్టి మీదే కుర్చీ వేసుకుని కూర్చునే అదృష్టం ఎంతమందికి వస్తుంది?

రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలోనే మొదటి గూడ్సు వచ్చింది. ఆడవాళ్లు పట్టాలకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. ఇంజను ముందు అరటి బోదెలు కట్టారు. ప్యాసింజర్ రైలు ఎప్పుడని అడిగితే వచ్చే ఏడాది అన్నారు. ఊరవతల స్టేషను కట్టి మూడు భాషల్లో బోర్డు పెట్టారు, పొడుగాటి ప్లాట్‌ఫారం పోశారు. ఆ వచ్చే ఏడాది ఇంకా రాలేదు. ఓట్లప్పుడల్లా ప్యాసింజర్ మైకులో వచ్చి మైకులోనే పోతుంది. ప్లాట్‌ఫారం ఖాళీగా ఎందుకని రైతులు దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నారు. హుజూర్‌నగర్ పోవాలంటే ఇప్పటికీ ఆటోనే. లైను మీద బొగ్గు లోపలికి పోతుంది, సిమెంటు బయటికి వస్తుంది, మనిషి మాత్రం ఎక్కిన పాపాన పోలేదు.

మరి చచ్చినవాళ్ల సంగతో? దింపుడు కల్లం ఎక్కడికీ పోలేదు. ఊళ్లో ఎవరూ మీటింగు పెట్టుకోలేదు, తీర్మానం చెయ్యలేదు. మొదటి పాడె గేటు దాకా వచ్చింది, అలవాటుగా భుజాలు కిందికి వంగాయి, గేటు పక్కనే దింపేశారు. ఆ తర్వాత అదే రివాజు అయింది. లింగస్వామి గదిలోంచి బయటికొచ్చి టోపీ తీసి నిలబడేవాడు. గేటు అప్పుడు పడి ఉంటే పడి ఉంది, లేచి ఉంటే లేచి ఉంది. బండి వస్తుంటే మాత్రం కాసేపు ఆగి పిలుచుకోమని చెప్పేవాడు.

భిక్షపతి పోయింది పత్తి ఏరే రోజుల్లో. పొద్దున్న చేనుకు పోయి, గట్టు మీద కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. లైను అవతలి ముక్కలో పూడ్చిపెడదామన్నారు. లింగస్వామి సెలవు పెట్టాడు, గేటు మీద వేరేవాడున్నాడు. అగ్గి కుండ పట్టుకుని ముందు నడిచాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి బొగ్గు బండి వస్తున్నదని గేటు వేసేశారు. పాడె దింపారు. లింగస్వామి కుండ పక్కన పెట్టి, తండ్రి చెవి దగ్గర వంగాడు.

"నాయినా."

పలుకు లేదు.

"నాయినా."

అంతలో ఇంజను కూత వేసుకుంటూ మీదికొచ్చింది. నేల అదిరింది. మూడో పిలుపు ఈ చప్పుడులో పిలిస్తే ఏం వినబడుతుందని, బండి దాటేదాకా ఆగాడు. డబ్బాలు ఒకటి వెంట ఒకటి పోతున్నాయి. ఆగినవాడు తండ్రి ముఖం చూస్తూ ఆగొచ్చు. కానీ అతని తల తనంత తానే పైకి లేచింది. కళ్లు బండి కొసను వెతికాయి. పసుపు రేకు కనబడింది, దాటింది. గేటు లేచింది. వెనక సిమెంటు టిప్పర్లు, ఆటోలు ఆగి ఉన్నాయి, హారన్లు మొదలుపెట్టాయి. పాడె పట్టిన పెద్దమనిషి బీరన్న, పిలవడం అయిపోయిందనుకున్నాడు.

"లేపున్రి, లేపున్రి. బండ్లు ఆగినయ్."

నాలుగు భుజాలు లేచాయి. ఎవరో కుండ తెచ్చి లింగస్వామి చేతికిచ్చారు. అతను నడిచాడు.

ఇదంతా చూసింది ఒక్క గోపమ్మే. ఆ రోజు ఏమీ అనలేదు. దినాలు అయ్యాక, చుట్టాలు వెళ్లాక, అన్నం ముందు కూర్చున్న కొడుకుతో అంది.

"మీ నాయినను మూడుసార్లు పిలువలే నువ్వు."

"పిలిచిన గదా."

"రెండుసార్లే. మూడోదానికి నువ్వు బండి తోక చూస్తున్నవ్. మీ నాయిన కింద పండుకోని ఉంటే నీకు బండి తోక కావాల్సొచ్చిందారా?"

"పిలిచిన అంటున్న. రైలు చప్పుడుకు నీకు వినబడలే."

అంతే, ఇద్దరి మధ్య మాటలు తెగిపోయాయి. గోపమ్మ మొండిది, ఆ మొండితనం పాలతో పాటు కొడుక్కి కూడా పోసింది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి తల్లి కొడుకుతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా కోడలు స్వరూప మీదుగా పోవాల్సిందే. కొడుకు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, "స్వరూపా, గేటాయనకు చారు పొయ్యి" అనేది. పరాయివాడిని అన్నట్టు గేటాయన అనేది. స్వరూప మొదట్లో ఏడ్చింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత ఇద్దరి మధ్య టెలిఫోను తీగలాగా అలవాటు పడిపోయింది.

గోపమ్మ నమ్మకం ఒక్కటే. మూడో పిలుపు వినలేదు కనక భిక్షపతికి సెలవు దొరకలేదు. మట్టి అవతలి ముక్కలో ఉంది గానీ మనిషి ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, పిలుస్తారేమో అని. చేనుకు పోయేటప్పుడు ఆమె గేటు దగ్గర అడుగు నెమ్మది చేసేది. పక్కన ఎవరో ఉన్నట్టు కొంగు సర్దుకునేది. ఆ తరం ఆడవాళ్లందరిలాగే ఆమె కూడా భర్త పేరు ఎన్నడూ పలకలేదు. భూమి కాగితాల దగ్గర ఆఫీసులో భర్త పేరేమిటమ్మా అని అడిగితే, తల వంచుకుని కొడుకును మోచేత్తో పొడిచింది, నువ్వు చెప్పమని.

"నువ్వు రోజూ గాడనే ఉంటవ్ గదా," అని స్వరూప మొగుణ్ని ఒకటికి పదిసార్లు అడిగింది. "ఎవ్వలు లేనప్పుడు ఒక్కసారి నాయినా అని పిలిస్తే నీ సొమ్మేం పోతది?"

"పిలిచినోన్ని మళ్లెందుకు పిలవాలె? అంటే అప్పుడు పిలువలే అని నా అంతట నేను ఒప్పుకున్నట్టు గాదా?"

పైకి అలా అనేవాడు. లోపల మాత్రం అతనికి తెలియదు. నిజంగా తెలియదు. ఎన్నిసార్లు కళ్లు మూసుకుని ఆ పూటను వెతికినా మొదటి పిలుపు దొరికేది, రెండోది దొరికేది, మూడో దాని చోట పసుపు రేకు ఒకటే ఊగుతూ కనిపించేది. తెలియని సంగతి మీద అంత గట్టిగా దబాయించడం ఎంత కష్టమో దబాయించినవాడికే తెలుసు.

లైను మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. గనులు ఇంకో గుట్టను తినేశాయి, సిమెంటు బట్టీలు పెరిగాయి, రోజుకు ఒకటి వచ్చే బండి పూటకు ఒకటైంది. కరెంటు స్తంభాలు పాతారు. పైన తీగలు వచ్చాక, ఎత్తు లోడు వాటికి తగలకుండా గేటుకు రెండు వైపులా ఇనుప కమాను పెట్టారు. పీర్ల పండగకు పీరీలు దాని కింద వంగి దాటాల్సి వచ్చింది, ఊరు దానికీ అలవాటు పడింది. చివరికి గేటే వద్దన్నారు. లైను కింద నుంచి దారి తవ్వి, పైన రెండు పక్కలా గోడ కట్టి మూసేస్తామన్నారు. ప్రాణాలకు మంచిదే, కాదనేదేముంది? లింగస్వామికి పక్క స్టేషనులో పని చూపించారు.

ఆ కబురు ఇంట్లో చెప్పిన పూట గోపమ్మ కంచం పక్కకు జరిపింది. కోడలి వైపు చూడలేదు. సూటిగా కొడుకు ముఖంలోకే చూసింది. ఎన్నేళ్లయిందో అలా చూసి.

"గోడ కడితే మీ నాయిన పట్టాల నడుమ చిక్కుకపోతడు బిడ్డా."

లింగస్వామి ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు.

"కిందికెళ్లి తొవ్వ జేస్తుండ్రు గదమ్మా."

"మందికి తొవ్వ. ఆయనకు గాదు. ఆయనను పైననే దింపిన్రు, పైననే ఉన్నడు. గోడ వెట్టక ముందే ఒక్కసారి పిలువు. నువ్వు పిలిచినవో పిలువలేదో నాకొద్దు. ఇగ అడగ నిన్ను."

"చూద్దం," అన్నాడు లింగస్వామి.

చూద్దం చూద్దం అంటూనే ఆఖరి రోజు వచ్చింది. జేసీబీ తెచ్చి చింత చెట్టు కింద నిలబెట్టారు. ఆ పొద్దు బండి దాటాక గేటు ఎత్తి ఆగిన వాహనాలను వదిలేసి, మళ్లీ దించి, తాళం వేయాలి. తర్వాతి పని జేసీబీ వాళ్లది. లింగస్వామి పొద్దుటి నుంచి గేటు చుట్టూ తిరుగుతున్నాడు. రెండుమూడుసార్లు పెదవులు కదిపాడు. ఎవరన్నా చూస్తారేమోనని సిగ్గు, పలికితే ఇన్నేళ్ల మొండితనం ఏమైపోతుందోనని ఇంకో సిగ్గు.

సిమెంటు బండి వస్తున్నదని కబురు వచ్చింది. గేటు వేశాడు. అటు టిప్పర్లు, ఇటు ఆటోలు, చేనుకు పోయే ట్రాక్టరు, మోటర్ సైకిళ్ల మీద గని కూలీలు పేరుకున్నారు. అప్పుడు ఊరి వైపు నుంచి గోపమ్మ వచ్చింది, స్వరూప చెయ్యి పట్టుకుని. వచ్చి, సరిగ్గా పాడె దింపే చోటుకు పోయి నిలబడింది. లింగస్వామి ఆమెను చూశాడు, ఆమె పాదాల దగ్గర నేలను చూశాడు. తండ్రిని దింపిన నేల.

బండి వచ్చింది. జెండా పట్టుకుని నిలబడ్డాడు గానీ చూపు ఆ నేల మీది నుంచి లేవలేదు. డబ్బాలు గడగడా పోతూనే ఉన్నాయి. ఎప్పుడు అయిపోయాయో కూడా తెలియలేదు.

చప్పుడు తగ్గగానే హారన్లు మొదలయ్యాయి. లింగస్వామి గేటు ఎత్తే చక్రం దగ్గరికి పోయాడు, చెయ్యి వేశాడు, మళ్లీ తీసేశాడు. బండి దాటాక గేటును ఊరికే ఆపినవాడు కాదు ఎన్నడూ. ఈసారి ఆపాడు.

"ఏందన్నా, లేపవా? లోడు మీదున్నం," అని టిప్పరు డ్రైవరు తల బయటపెట్టి కేకేశాడు.

"జర ఆగు తమ్మీ. ఒక్క నిమిషం. హారన్ గొట్టకు."

ఆటోలో కూర్చున్న బీరన్న గోపమ్మను చూశాడు, ఆమె నిలబడిన చోటును చూశాడు. ముసలివాడికి చటుక్కున తట్టింది. ఆ రోజు లేపున్రి అన్నది తనే. ఆటో దిగి, కర్ర పోటేసుకుంటూ ఒక్కొక్క బండి దగ్గరికీ పోయాడు.

"బంద్ జెయ్యున్రి బిడ్డా. ఇంజన్లు బంద్ జెయ్యున్రి."

ఎందుకో తెలిసినవాళ్లు ముందు ఆపారు, తెలియనివాళ్లు వాళ్లను చూసి ఆపారు. గేటుకు అటూ ఇటూ చప్పుడు లేకుండా పోయింది. లైను వచ్చిన తర్వాత పగటిపూట ఆ చోట అంత నిశ్శబ్దం ఎవరూ విని ఉండరు.

లింగస్వామి తల్లి పక్కకు వచ్చాడు. టోపీ తీశాడు. వంగాడు.

"నాయి..."

కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. అప్పుడు పిలవలేదు, పిలవలేదని ఆ క్షణాన తెలిసిపోయింది అతనికి. రెండోసారి ప్రయత్నించాడు, ఏడుపు తప్ప మాట రాలేదు. గోపమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా పక్కకు జరిపింది.

"భిక్షపతీ," అంది.

స్వరూప ఉలిక్కిపడింది. అత్త నోట మామ పేరు ఆమె వినడం అదే మొదలు. ఎవరు వినడమైనా అదే మొదలు.

"భిక్షపతీ, పిల్లగాడు పిలుస్తుండు. పోయి రా ఇగ."

గాలికి గని వైపు నుంచి దుమ్ము లేచి పట్టాల మీదుగా పోయింది. గోపమ్మ కాసేపు అటే చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సభల తువ్వాల గుంజి కూసోవెట్టింది నేను," అంది కొడుకుతో. "గా దినం నువ్వు పిలువకపోతే నేనన్న పిలవొచ్చు. పేరు వెట్టి పిలువొద్దని నోరు మూసుకున్న. నా కోపం నా మీదనే ఉండె బిడ్డా, నిన్ను ఆడిపోసుకున్న."

లింగస్వామి చిన్నపిల్లవాడిలా ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. టిప్పరు డ్రైవర్లు కూడా చూపు పక్కకు తిప్పుకున్నారు.

గదిలో ఫోను మోగింది. పరుగున పోయి ఎత్తాడు. అవతల స్టేషను మాస్టరు, గుమ్మం దాకా వినబడే గొంతు.

"ఏమయ్యా లింగస్వామీ, బండి దాటిపోయిందా? తోక చూసినవా?"

చూడలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, ఆఖరి బండికి, తోక చూడలేదు. కిటికీలోంచి లైను వైపు తొంగి చూశాడు. బండి మలుపు తిరిగిపోయింది, పట్టాలు తప్ప ఏమీ లేవు. ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు.

గోపమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి తల పెట్టింది.

"గట్ల నిలబడ్డవేంది? చెప్పు సారుకు," అంది. "నువ్వు మీ నాయినను చూస్తుంటివి. పసుపు రేకు నేను చూసిన."